ఆ బస్సులో డిగ్రీ చదివినవాళ్ళు లేరు

మా కాలేజీలో ప్రతి ఏడూ కొత్త బ్యాచ్ రాగానే ఎవరో ఒక పిల్ల లేచి, "మేడమ్, మీరు పీహెచ్‌డీ దేని మీద చేసినారు?" అని అడుగుతుంది. "ఆడవాళ్ళ చదువు, జీతం, ఆరోగ్యం" అని మూడు ముక్కల్లో చెప్పేసి బోర్డు వైపు తిరిగిపోతాను. ఈ మేడమ్‌కు ఎచ్చులెక్కువ అని పిల్లలు వెనక అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనీ. నాకు ఉన్నది ఎచ్చులు కావు, సిగ్గు. నా థీసిస్‌లో ఒక తప్పుడు పట్టిక ఉంది. అది తప్పని తెలిసే అచ్చు వేయించాను.

అప్పట్లో నేను తిరుపతిలో యూనివర్సిటీ హాస్టల్లో ఉండేదాన్ని. ఆడపిల్ల ఒక్కో ఏడు ఎక్కువ చదివితే ఫ్యాక్టరీలో ఆమె జీతం ఎంత పెరుగుతుంది, చేతిలో జీతమున్న ఆడమనిషి ఒంట్లో బాగాలేకపోతే ఎన్నాళ్ళు ఓర్చుకుని ఆస్పత్రికి పోతుంది, ఇదీ నేను తేల్చాల్సిన సంగతి. మా గైడు సారు పెద్దాయన. మాట తక్కువ. "పుస్తకాల్లోంచి ఎత్తి రాయొద్దు. మనుషుల్ని అడిగి రాయి" అన్నారు. అడుగుదామంటే ఫ్యాక్టరీ ఆడవాళ్ళు దొరికితే కదా. ఇంటికి పోతే నిద్రలో ఉంటారు, లేకపోతే ఆవుల దగ్గర ఉంటారు. ఫ్యాక్టరీకి పోతే గేటులోనే ఆపేస్తారు. చివరికి నాయుడుపేట వైపు ఒక కంపెనీ, దాని పేరు చెప్పను, రవంత దయ తలచింది. లోపలికి రానివ్వం, బస్సులో మాత్రం మీ ఇష్టం అంది.

ఆ కంపెనీ బస్సు కాళహస్తి దాటాక పల్లెపల్లెకూ ఆగి, మధ్యాహ్నం షిఫ్టు ఆడవాళ్ళను ఎక్కించుకుని పోయేది. నేను తిరుపతిలో పొద్దున్నే బయల్దేరి మొదటి పల్లె దగ్గర కాచుకుని ఎక్కేదాన్ని. ఎక్కగానే వాళ్ళు టిఫిన్ డబ్బాలు తెరిచేవాళ్ళు. తిన్నాక పూలు పంచుకునేవాళ్ళు. పూలు జడల్లోకి పోగానే తలలు కిటికీలకు వాలిపోయేవి. తిండికీ నిద్రకూ మధ్య ఉన్న ఆ కాసేపే నా పరిశోధన. ఫారాల కట్ట చంకలో పెట్టుకుని, పడబోతూ లేస్తూ, ఒక్కొక్కరి పక్కన ఇరుక్కుని కూర్చుని అడిగేదాన్ని. నాకు 'ఫారాలక్క' అని పేరు పెట్టినారు.

నాకు ఓపిక తక్కువ. దాచుకునేదేముంది, ఇప్పటికీ తక్కువే. "గత ముప్పై రోజుల్లో ఒంట్లో బాగాలేని రోజులెన్ని?" అని ఒక పెద్దామెను అడిగితే, "ఒకటీ లేదు పాపా" అంది. రాసుకున్నాను. రెండు నిమిషాలు గడిచాక, "నడుము పీకేస్తా ఉండాది, నీ సంచిలో మాత్ర ఏమన్నా ఉండాదా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది.

"ఇబ్బుడే గదా ఏమీ లేదన్నావు."

"అవును మే. పనికి పోతా ఉండాను గదా. బాగలేకపోతే పోతానా?"

మిగతా వాళ్ళంతా ఆమె వైపే. పని మానేస్తేనే జబ్బు, నిలబడి పని చేస్తే అంతా బాగున్నట్టే. ఈ లెక్కన ఆ బస్సంత ఆరోగ్యవంతుల బస్సు జిల్లాలోనే లేదు. ఆ పూట నేను ముఖం మాడ్చుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటే, వెనక సీటు నుంచి ఒకమ్మాయి వంగి నా చేతిలోంచి ఒక ఖాళీ ఫారం తీసుకుంది. ఇరవై ఐదు ఇరవై ఆరు ఉంటాయేమో. సన్నగా ఉంటుంది, కళ్ళజోడు. అంతకు ముందు రెండు మూడుసార్లు చూశాను కానీ మాట్లాడలేదు.

"అక్కా, ఆ ప్రశ్న మార్చేయ్. ఒంట్లో బాగలేకపోయినా పనికి పోయిన రోజులెన్ని అని అడుగు. అబ్బుడు చెప్తారు" అంది. పేజీ తిప్పింది. "ఈడ ఇంకొకటి ఉండాది సూడు. పెండ్లి కాలేదంటే పద్నాలుగో ప్రశ్నకు పొమ్మన్నావు. పద్నాలుగేమో బిడ్డలెంతమంది అని అడుగుతా ఉండాది. పెండ్లి గాని పిల్లను పోయి బిడ్డలెంతమందని అడిగితే ఊరుకుంటారా?"

బస్సంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అయినా ఆ అమ్మాయి ఆగలేదు. ఫారం మీదే పెన్నుతో తప్పులు దిద్దుతూ, గొంతు తగ్గించి, "అందర్నీ ఈ ఒక్క బస్సులోనే అడిగితే శాంపిల్ ఒకపక్కకే వాలిపోతాది గదక్కా. పొద్దున షిఫ్టు బస్సు కూడా ఎక్కు" అంది.

నేను ఆమె ముఖం వైపు చూశాను. "ఏం చదివినావు నువ్వు?"

"ఇంటరు."

"నా దగ్గర దాచొద్దు. నిజం చెప్పు."

అటూ ఇటూ చూసుకుంది. "ఎమ్మెస్సీ అక్కా. స్టాటిస్టిక్స్" అంది. తప్పు చేసి పట్టుబడిన పిల్లలా చెప్పింది.

అప్పుడు తెలిసింది నాకు ఆ బస్సు సంగతి. ఇంటరు పైన చదివినవాళ్ళను ఆ కంపెనీ లైన్లో పనికి తీసుకోదు. డిగ్రీ వాళ్ళు నిలబడరని, నాలుగు నెలలకే ఏదో పరీక్ష రాసుకుంటామని వెళ్ళిపోతారని, ఉన్నన్నాళ్ళూ ఎదురు ప్రశ్నలేస్తారని వాళ్ళ అనుభవం. అందుకని చదువుకున్నవాళ్ళు చదువు దాచి చేరతారు. ఆ బస్సులోనే అలాంటివాళ్ళు ఇంకో నలుగురైదుగురు ఉన్నారట. లేని చదువు ఉందని చెప్పుకునేవాళ్ళను చూశాను కానీ, ఉన్న చదువును లేదని చెప్పి బతికేవాళ్ళను నేను అంతవరకూ చూడలేదు.

ఆమెకు ఆ ఉద్యోగం ఎందుకు కావాలో కూడా ఆరోజే చెప్పింది. వాళ్ళ నాయనకు గుండె ఆపరేషన్ అయింది. ఆపరేషన్ గవర్నమెంటు కార్డు మీద జరిగిపోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ మింగాల్సిన మాత్రలు, మూడు నెలలకోసారి పరీక్షలు, అవి మాత్రం మిగిలాయి. ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేటప్పుడు జీతం ఒక నెల వస్తే ఒక నెల రాదు. ఫ్యాక్టరీలో చేరితే ఈఎస్ఐ కార్డు వస్తుంది. ఆ కార్డులో నాయన పేరు ఉంటుంది, మందులూ పరీక్షలూ ఊరికే. "జీతం కోసం రాలేదక్కా. కార్డు కోసం వచ్చినాను" అంది.

ఒక ఆదివారం నన్ను వాళ్ళ ఇంటికి తీసుకుపోయింది. సంగటి, వంకాయ పులుసు. వాళ్ళ నాయన పక్కనే కూర్చుని, నేను చాలంటున్నా వినకుండా వడ్డించాడు. బక్కమనిషి. తిరుపతిలో లాడ్జిలో రూములు ఊడ్చి, దుప్పట్లు మార్చి, ముప్పై ఏళ్ళు అదే పని చేశాడు. "మా పాప ఎమ్మెస్సీ చదివినాది గదా, అందుకని పెద్ద పని ఇచ్చినారు ఆడ. అందరి పనీ సూసుకునే పని" అని నాకు చెప్పాడు. ఆమె వాళ్ళ నాయన వెనక నిలబడి నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను సంగటి ముద్ద మింగి, "అవునప్పా, నిండా తెలివైన పిల్ల" అన్నాను. ఆ మాటకు ఆయన ముఖం చూడాలి. నాకు ఆ ఇంటిమీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో కానీ, ఆరోజు నుంచి అది సర్వే చేసే ఇల్లని అనుకోలేకపోయాను.

ఆమె ఫారం ఉంది కదా, దాన్ని మాత్రం నేను నిజాయితీగా నింపాను. పేరు, ఊరు, చదువు ఎమ్మెస్సీ, కంపెనీకి చెప్పింది ఇంటరు, కారణం నాయన మందులు. "రాసుకో అక్కా. యాడా చెప్పొద్దు" అంది. ఒట్టు వేశాను. నాకు లోపల పొంగిపోతోంది. ఇంతకాలం మన లెక్కల్లో కనబడని మనుషులు దొరికారు, నా థీసిస్‌కు ప్రాణం వచ్చింది అనుకున్నాను. ఆమె మొన్న బస్సులో తప్పులు దిద్దిన ఫారం మీదే ఇదంతా రాశాను. సరిచేసి మళ్ళీ టైపు చేయించాలని దాన్ని ఖాళీ ఫారాల కట్టలో పైన పెట్టుకున్నాను. అదీ నేను చేసిన పని.

రెండు రోజులకు బస్సు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగగానే హెచ్ఆర్ ఆఫీసరు నా కోసం నిలబడి ఉన్నాడు. "మేడమ్, మీరు ఏమేం అడుగుతున్నారో మా పైవాళ్ళు చూడాలంటున్నారు. ఒక ఖాళీ ఫారం ఇస్తారా" అన్నాడు. వెనక ఆడవాళ్ళు దిగుతూ తోసుకుంటున్నారు. కట్టలోంచి పైన ఉన్నది లాగి ఆయన చేతిలో పెట్టి, తిరుపతి బస్సు తప్పిపోతుందని పరుగెత్తాను.

సాయంత్రం హాస్టల్లో ఫారాలు సర్దుకుంటుంటే ఆమెది కనబడలేదు. మంచం కింద వెతికాను, సంచి తిరగేశాను. ఉన్నట్టుండి గేటు దగ్గర జరిగింది గుర్తుకొచ్చింది. ఆ కాగితం మీద ఆమె పేరుంది, ఆమె దాచినదంతా నా చేతిరాతలో ఉంది. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. పెద్ద చదువు చదివి, మనుషుల గురించి పరిశోధన చేస్తున్నానని విర్రవీగి, ఒక మనిషి నమ్మి చెప్పిన మాటను పట్టుకుపోయి సరిగ్గా ఎవరికి తెలియకూడదో వాళ్ళ చేతిలోనే పెట్టి వచ్చాను.

మర్నాడు బస్సెక్కగానే ఆమె పక్కన కూర్చుని చెప్పేశాను. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. ఆమె ఏడవలేదు. డబ్బా మూత పెట్టేసింది. "పోయిన నెల మాత్రలు ఈ వారంతో అయిపోతాయక్కా" అంది. అంతే. ఒక్క మాట తిట్టినా నాకు బాగుండేది.

నడుం నొప్పి పెద్దామె ముందు సీటు నుంచి అంతా వింటోంది. ఇటు తిరిగి, "ఏం మే, రాసినది నువ్వే గదా. నువ్వే పోయి అది ఉత్తదని చెప్పు" అంది.

"అదెట్ల? నేను రాసింది నిజం."

"నీ నిజం పెట్టుకుని ఆ పిల్ల ఏం చేసుకుంటాది?" అంది.

గేటు వచ్చింది. వాళ్ళు చెకింగ్ లైన్లో నిలబడ్డారు, నేను గేటు పక్కనున్న ఆఫీసు రూములోకి పోయాను. ఫారం హెచ్ఆర్ ఆఫీసరు టేబుల్ మీదే ఉంది. చదివాడని చూడగానే తెలిసిపోయింది. "కూర్చోండి మేడమ్" అన్నాడు. "చదువు విషయంలో అబద్ధం చెప్పి చేరితే తీసేయాలని ఇక్కడ రూలు. మీకు తెలుసా?"

తెలుసన్నాను.

ఆయన కాగితాన్ని నా వైపు తిప్పాడు. "మరి ఇది ఆమె చెప్తే రాసినారా? లేకపోతే ఫారం ఎట్ల నింపాలో చూపించేదానికి మీరే ఊరికే నింపినారా?"

ఆయన మళ్ళీ అదే ప్రశ్న, అదే వరుసలో, ఇంకొంచెం నిదానంగా అడిగాడు. అప్పుడు నాకు అర్థమైంది ఆయన నాకు దారి చూపిస్తున్నాడని. ఆ మనిషి పేరు నాకు ఇప్పుడు గుర్తులేదు, ఎక్కడున్నా బాగుండాలి.

"నేనే నింపినాను. నమూనాకి. పేరు కూడా బస్సులో ఎవరో పిలుస్తుంటే విని ఊరికే వేసినాను" అన్నాను.

"ఆ మాట రాసిస్తారా?"

ఒక తెల్లకాగితం మీద యూనివర్సిటీ రిజిస్టర్ నంబరు వేసి, ఆ ఫారంలోని సమాధానాలు నేను కల్పించినవి అని రాసి సంతకం పెట్టాను. పరిశోధన చేసేవాళ్ళు కలలో కూడా రాయకూడని వాక్యం అది. ఆయన ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని, ఫారం నాకు తిరిగిచ్చి, "ఇక మీదట ఫారం ఇచ్చేటప్పుడు రవంత చూసి ఇవ్వండి మేడమ్" అన్నాడు. నేను బయటికి పరుగెత్తాను. లైన్లో ఆమె ముందు ఇంకా ఇద్దరున్నారు. నేను చేయి ఊపి, ఏమీ లేదు, పో, అని సైగ చేశాను. ఆమె కళ్ళజోడు తీసి చున్నీతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత ఆ బస్సులో నేను ఎవరిని అడిగినా చదువు ఇంటరు, లేకపోతే పది. మిగతా ఆ నలుగురైదుగురు కూడా నవ్వుతూ ఇంటరు అనే చెప్పారు, నేనూ నవ్వుతూ ఇంటరు అనే రాసుకున్నాను. పొద్దున షిఫ్టు బస్సు కూడా ఎక్కాను, అక్కడా అంతే, కబురు అప్పటికే పోయింది. ఆమె ఫారం చించేశాను. గైడు సారుకు మాత్రం జరిగిందంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పట్టిక పోతే పోయింది. ఆ పిల్ల ఉద్యోగం ఉండనీ" అన్నారు. అలా నా థీసిస్‌లో డిగ్రీ, ఆ పైన అనే గడిలో సున్నా పడింది. కింద ఒక వాక్యం రాశాను, ఈ శాంపిల్‌లో డిగ్రీ చదివినవారు లేరు అని. దానికి కారణం ఏమీ రాయలేదు. రాయడానికి ధైర్యం చాలలేదు.

వైవా రోజు డిపార్ట్‌మెంటు హాల్లో అందరూ కూర్చున్నారు. ఆరోజు ఆ అమ్మాయికి వారానికోసారి వచ్చే సెలవు. వాళ్ళ నాయనను వెంటబెట్టుకుని వచ్చి చివరి వరసలో కూర్చుంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒడిలో పండ్ల సంచి పెట్టుకుని, నేను మాట్లాడే ప్రతి మాటకూ తల ఊపుతున్నాడు. వాళ్ళను చూసి నాకు కొండంత ధైర్యం వచ్చింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మంచివాడే. థీసిస్ మొత్తం చదివి వచ్చాడు. ఒక్కో అధ్యాయం మెచ్చుకుంటూ ఆ పట్టిక దగ్గర ఆగాడు. "నాకు అన్నిటికంటే ఈ సున్నా నచ్చింది. డిగ్రీ దాకా చదివించిన ఆడపిల్ల ఫ్యాక్టరీ లైన్లో నిలబడాల్సిన అవసరం రాలేదన్నమాట. చదువు వల్ల కలిగే మేలు ఇంతకంటే స్పష్టంగా ఎక్కడ కనిపిస్తుంది? అంతేనా అమ్మా?" అన్నాడు.

గైడు సారు తల వంచుకుని ఏదో కాగితం చూస్తున్నారు. నేను చివరి వరస వైపు చూడకుండా, "అంతే సార్" అన్నాను.

వచ్చినవాళ్ళలో ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చన్నారు. ఎవరూ అడగరు మామూలుగా, టీ కోసం చూస్తుంటారు. వెనక నుంచి ఆమె లేచింది.

"మేడమ్, అడిగినా నిజం చెప్పలేనోళ్ళు కొంతమంది ఉంటారు గదా. వాళ్ళను ఈ పట్టికలో ఎట్ల లెక్కబెట్టినారు?"

నన్ను ఇరికించాలని అడగలేదు. ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. నేను రాయలేకపోయిన ఆ ఒక్క వాక్యం కనీసం నోటితో అనే వీలు నాకు కల్పిస్తోంది. "లెక్కపెట్టలేదు" అన్నాను. "లెక్కపెట్టలేకపోయాను. అలాంటివాళ్ళు ఉంటారు. ఈ సున్నాను నమ్మొద్దు. ఇది నా పరిశోధనలో పెద్ద లోపం."

ఎగ్జామినర్ వెనక్కి తిరిగి ఆమెను మెచ్చుకోలుగా చూశాడు. "చాలా మంచి ప్రశ్న. ఏం చదివావమ్మా నువ్వు?"

ఆమె నిజం చెబితే నా సున్నా ఆ హాల్లోనే కూలిపోతుంది. నేను సంతకం పెట్టిన కాగితం కూడా బయటికి వస్తుంది. అయినా సరే, చెప్పనీ, ఒక్కసారైనా నోరారా చెప్పుకోనీ, పోతే నా పీహెచ్‌డీ పోనీ అని నిజంగానే అనిపించింది నాకు.

"ఇంటరు సార్" అంది. "ఫ్యాక్టరీలో చేస్తా ఉండాను."

"ఇంటరుకే ఆపేశావా? తెలివైన పిల్లవు. ఇంకా చదువుకోవాలమ్మా."

"అట్లనే సార్" అని కూర్చుంది. పక్కన వాళ్ళ నాయన తల ఊపడం ఆపి ఆమె వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. ఆమె ఆయన చేయి పట్టుకుని నొక్కింది. ఆయన ఆమెను చూశాడు, తర్వాత నన్ను చూశాడు, తర్వాత ఒడిలో ఉన్న పండ్ల సంచి వైపు చూస్తూ ఉండిపోయాడు.

డిగ్రీ ఇవ్వొచ్చని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. హాలు బయట వాళ్ళిద్దరూ పక్కగా నిలబడి ఉన్నారు. ఆమె నన్ను కౌగిలించుకుని, "డాక్టరక్కా" అంది. వాళ్ళ నాయన దగ్గరికి వచ్చి పండ్ల సంచి నా చేతిలో పెట్టి, నా తల మీద చేయి వేశాడు.

"సంతోషం పాపా. చదివిన చదువు చెప్పుకునే రోజు నీకన్నా వచ్చినాది" అన్నాడు.